ఆర్థర్ సూవల్: ఓడలు కట్టి, ఉపాధ్యక్ష పదవికి నిలబడిన మనిషి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

1896 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రస్తావన వస్తే అందరూ డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి విలియం జెన్నింగ్స్ బ్రయన్ గురించే మాట్లాడతారు. ఆయన పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడింది ఒక ఓడల వ్యాపారి అని చెప్పగానే వరసగా ప్రశ్నలు మొదలవుతాయి. ఎవరాయన, ఎందుకు నిలబెట్టారు, ఎలా ఓడిపోయాడు, ఆ ఓడలు ఏమయ్యాయి? ఎన్నిసార్లు చెప్పినా అవే సందేహాలు తిరిగి వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు, వరస అక్కర్లేదు.

## ముందుగా, ఎవరీయన?

ఆర్థర్ సూవల్ ఎవరో రెండు ముక్కల్లో చెప్పగలరా?

అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, బాత్ అనే రేవు పట్టణంలో 1835 నవంబరు 25న పుట్టాడు. తండ్రి నడిపిన ఓడల నిర్మాణశాలను అన్నతో కలిసి అందుకుని, దేశంలో చివరి తరం పెద్ద తెరచాప ఓడలను కట్టాడు. బ్యాంకుకు, రైలు కంపెనీకి అధ్యక్షుడిగా పనిచేశాడు. 1896లో డెమోక్రటిక్ పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. 1900 సెప్టెంబరు 5న చనిపోయాడు.

పేరు సేవాల్ అని రాస్తున్నారు కొందరు. ఏది సరైనది?

అక్షరాలను చూసి చదివితే ‘సేవాల్’ అనిపిస్తుంది, కానీ ఉచ్చారణ ‘సూవల్’కు దగ్గర. రెండో అక్షరాన్ని తేల్చి పలకాలి.

అలాస్కాను కొన్న మంత్రి ఈయనేనా?

కాదు. రష్యా నుంచి 1867లో అలాస్కాను కొన్నది విలియం సూవర్డ్. ఆయనది న్యూయార్క్, పార్టీ రిపబ్లికన్. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఈ గందరగోళం. ఆర్థర్ సూవల్ ఏనాడూ కేంద్ర మంత్రి కాలేదు. ఒక చిత్రం మాత్రం ఉంది. హవాయి దీవులు అమెరికాలో కలిసిన రోజున అధికారాన్ని అందుకున్న అమెరికా రాయబారి ఈ సూవల్ పెద్ద కొడుకే. బహుశా ఆ కథా ఈ కథా కలగలిసిపోయి ఉంటాయి.

## బాత్ పట్టణం, చిన్నతనం

బాత్ చిన్న ఊరు కదా, ఓడలకు అంత పేరు ఎలా వచ్చింది?

బాత్ సముద్రం ఒడ్డున లేదు. కెన్నెబెక్ నది మీద, సముద్రానికి ఇరవై కిలోమీటర్ల లోపలికి ఉంది. ఉప్పెనలు, సముద్రపు గాలుల బాధ లేని చోటు. నది లోతు ఎక్కువ, ఒడ్డు మాత్రం నీళ్ళలోకి మెల్లగా వాలి ఉంటుంది. ఓడను ఒడ్డు మీద కట్టి, ఆ వాలు మీదుగా జార్చి నీటిలోకి దింపడానికి ఇంతకన్నా అనువైన నేల ఉండదు. చుట్టూ అడవులు. తరతరాలుగా అదే పని చేసే వడ్రంగులు, కమ్మరులు, తెరచాపలు కుట్టేవాళ్ళు. ఒకరి నిర్మాణశాల పక్కన మరొకరిది వరసగా ఉండేవి. ఆ ఊరి నదీతీరం నేటికీ అదే పనిలో ఉంది. ఇప్పుడు అక్కడ అమెరికా నౌకాదళానికి యుద్ధనౌకలు కడుతున్నారు.

తండ్రిది కూడా ఇదే పనా? లేక ఈయనే మొదలుపెట్టాడా?

తండ్రి విలియం డన్నింగ్ సూవల్ 1823లోనే ఓడలు కట్టడం మొదలుపెట్టాడు. 1854లో ఎడ్వర్డ్, ఆర్థర్ అనే ఇద్దరు కొడుకులూ కలిసి ఆ వ్యాపారాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. అప్పటికి ఆర్థర్‌కు పందొమ్మిదేళ్లు. అన్నదమ్ముల పేరు మీద మొదటి ఓడ ‘హోలీహెడ్’ 1855లో నీటిలోకి దిగింది. పాతికేళ్లపాటు ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలతో సంస్థ నడిచింది. 1879లో అన్న చనిపోయాక అది ‘ఆర్థర్ సూవల్ అండ్ కంపెనీ’ అయింది. అందులో ఆర్థర్ రెండో కొడుకు విలియం, అన్న కొడుకు శామ్యూల్ భాగస్వాములు. అంటే మూడు తరాల కుటుంబ వ్యాపారం.

కాలేజీలో చదువుకున్నాడా?

లేదు. ఊళ్ళో బడి చదువు అయ్యాక ఓడ కలప సేకరించడానికి కెనడా తూర్పు తీరంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవికి పంపారు. ఆ తరువాత తండ్రి నిర్మాణశాలలోనే పని నేర్చుకున్నాడు.

కలప సేకరణ అంటే చెట్లు కొట్టించి తేవడమే కదా అనుకోకండి. చెక్క ఓడలో పక్క గోడ, పైన పరిచే తట్టు కలిసే మూల దగ్గర లంబకోణంలో వంగిన దుంగ కావాలి. రెండు దుంగల్ని అతికితే అది నిలవదు, అలలకు ఊడిపోతుంది. అందుకని టామరాక్ అనే చెట్టును వేరుతో సహా పెళ్లగిస్తారు. కాండం నిలువుగా, వేరు అడ్డంగా, పుట్టుకతోనే వంగిన కర్ర. పోగు దాని వంపు వెంటే తిరుగుతుంది కాబట్టి విరగదు. అక్కడి ఓడల వడ్రంగులు దాన్ని మోకాలు అనే పిలుస్తారు. అడవిలో నిలబడి ఉన్న చెట్టును చూసి, మట్టిలో దాని వేరు ఎటు తిరిగి ఉంటుందో అంచనా కట్టగలగడం ఆ వృత్తిలో అసలు చదువు.

భార్యాపిల్లల గురించి ఏమైనా తెలుసా?

1859లో ఎమ్మా డంకన్ క్రూకర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ముగ్గురు కొడుకులు పుట్టారు. ఒకరు పసితనంలోనే పోయారు. పెద్దవాడు హెరాల్డ్ రాయబారి అయ్యాడు, రెండోవాడు విలియం ఓడల వ్యాపారంలో నిలిచాడు.

ఎమ్మా గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. నడివయసులో ఆమె ఫొటోలు తీయడం నేర్చుకుంది. వేసవి గడపడానికి వెళ్ళే స్మాల్ పాయింట్ తీరంలో చేపలు పట్టేవాళ్ళను, గడ్డి కోసేవాళ్ళను, ఆరుబయట పనుల్లో మునిగిన ఆడవాళ్ళను గాజు పలకల మీద బంధించింది. భర్త ఎన్నికల ప్రసంగాలను ఇవాళ ఎవరూ చదవరు. ఆమె ఫొటోలను మాత్రం నేటికీ చూస్తున్నారు.

## ఓడలు

చెక్క ఓడ ఎలా కట్టేవారో కాస్త వివరిస్తారా?

ముందు ఓడ పొడవునా అడుగున వెన్నెముక లాంటి దూలం పరుస్తారు. దాని మీద పక్కటెముకల్లాగా వంపు తిరిగిన చట్రాలను నిలబెడతారు. ఈ దశలో దూరం నుంచి చూస్తే బోర్లా పడాల్సిన తిమింగలం అస్థిపంజరం వెల్లకిలా పడినట్టు ఉంటుంది. తరువాత బయటా లోపలా పలకలు బిగిస్తారు. పలకలను ఆవిరి పెట్టెల్లో ఉడికించి, వేడి తగ్గేలోపు పరుగున మోసుకొచ్చి వంపుకు అనుగుణంగా వంచాలి. బిగించడానికి ఇనుప మేకులు కొంతవరకే వాడతారు. ఎక్కువ చోట్ల గట్టి కర్రతో చేసిన కొయ్య మేకులే. ఇనుము ఉప్పునీటిలో తుప్పు పడుతుంది, కొయ్య మేకు తడిస్తే ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. ఒక పెద్ద ఓడకు ఇలాంటి మేకులు దాదాపు లక్ష పట్టేవి. ఆఖరున పలకల సందుల్లో నారపీచు కూరి, పైన తారు పోసేవారు. చెవులు గళ్ళుపడేలా కొయ్య సుత్తుల చప్పుడు వారాల తరబడి ఆగేది కాదు.

‘నాలుగు నదుల ఓడలు’ అంటే ఏమిటి?

1890 నుంచి 1892 వరకు సూవల్ వరసగా కట్టిన నాలుగు మహా ఓడలు. రపహానక్, షెనండోవా, సస్క్వెహన్నా, రోనోక్. నాలుగూ తూర్పు అమెరికా నదుల పేర్లు. అన్నీ చెక్కవే, అన్నీ మూడు వేల టన్నుల చుట్టుపక్కలవో అంతకు మించినవో. చివరిదైన రోనోక్ పొడవు 311 అడుగులు, పరిమాణం 3,500 టన్నులకు పైన. తెరచాపలతో నడిచే చెక్క ఓడల్లో అంతకన్నా పెద్దవి ఆ కాలంలో వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గవి.

నా దృష్టిలో ఇవి గొప్ప ఓడలే కానీ తెలివైన ఓడలు కావు. చెక్కకు ఒక హద్దు ఉంది. మూడు వందల అడుగులు దాటిన చెక్క ఓడ అల మీద ఎక్కినప్పుడు నడుము పైకి లేచి, రెండు కొసలూ కిందికి వాలతాయి. సందులు తెరుచుకుంటాయి, నీరు కారుతుంది, పంపుల దగ్గర మనుషులు అరిగిపోతారు. వాటి ముగింపులు చూడండి. రపహానక్ 1891లోనే, తనలో ఉన్న బొగ్గు దానంతటదే అంటుకుని చిలీకి దూరంగా హువాన్ ఫెర్నాండెజ్ దీవి దగ్గర కాలిపోయింది. సస్క్వెహన్నా 1905లో నికెల్ ఖనిజం బరువుతో పసిఫిక్‌లో మునిగింది. రోనోక్ అదే ఏడు న్యూ కాలెడోనియా తీరంలో నిప్పంటుకుని పోయింది.

ఆవిరి ఓడలు వచ్చేశాక కూడా తెరచాప ఓడలు ఎందుకు కట్టాడు? మూర్ఖత్వం కాదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. మూర్ఖత్వం కాదు, లెక్క. ఆవిరి ఓడ బొగ్గు తింటుంది. దారి పొడుగునా ఎక్కడెక్కడ బొగ్గు దొరుకుతుందో చూసుకోవాలి, మోసుకెళ్ళే బొగ్గు సరుకు పట్టాల్సిన చోటును ఆక్రమిస్తుంది. గాలికి డబ్బు ఇవ్వక్కర్లేదు. పనామా కాలువ 1914 వరకు తెరవలేదు కాబట్టి న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సముద్రం మీద వెళ్ళాలంటే దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ చుట్టి, నెలల తరబడి ప్రయాణించాలి. గోధుమలు, బొగ్గు, పంచదార, కిరోసిన్ డబ్బాలు లాంటి తొందర లేని, బరువైన సరుకుకు ఆ దారిలో తెరచాపే చవక.

రెండో కారణం చట్టం. అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకు సరుకు మోయాలంటే అమెరికాలో కట్టిన, అమెరికా జెండా ఉన్న ఓడ కావాలి. న్యూయార్క్ నుంచి సగం భూగోళం చుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్ళినా అది చట్టం దృష్టిలో దేశీయ తీర రవాణాయే! బ్రిటిష్ ఓడలు ఎంత చవగ్గా వచ్చినా ఆ మార్గంలో అడుగుపెట్టలేవు. సూవల్ అంచనాలు ఆ గోడ చాటున నిలబడ్డవే.

‘డిరిగో’ అనే ఓడకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

అమెరికాలో ఉక్కుతో కట్టిన మొదటి పెద్ద సరుకుల తెరచాప ఓడ అది. 1894లో బాత్‌లో జలప్రవేశం చేసింది. డిరిగో అనేది మెయిన్ రాష్ట్ర ముద్ర మీద ఉండే లాటిన్ మాట. ‘నేను దారి చూపుతాను’ అని అర్థం.

పేరులో ఉన్నంత స్వదేశీ గర్వం ఓడలో లేదు. నమూనా గీసింది లివర్‌పూల్‌కు చెందిన వాడింగ్టన్. ఉక్కు పలకలు వచ్చింది స్కాట్లాండ్ నుంచి. అప్పటికి బ్రిటన్‌లో ఉక్కు తెరచాప ఓడలు మామూలైపోయాయి. అరవైకి దగ్గరపడుతున్న వయసులో, జీవితమంతా చెక్కతో పనిచేసిన మనిషి, తన నిర్మాణశాలను ఉక్కు పనికి మార్చాడు. గొడ్డలి, బాడిస పట్టిన చేతుల పక్కన రివెట్లు కొట్టే చేతులు చేరాయి. ఆయన ఓడల జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. తెరచాపను వదల్లేదు కానీ చెక్కను వదిలాడు. డిరిగో 1917లో జర్మన్ జలాంతర్గామి చేతిలో మునిగింది.

ఓడలు కట్టి అమ్మేసేవాడా, తానే నడిపేవాడా?

ఎక్కువగా తానే నడిపేవాడు. మెయిన్ తీరంలో ఒక ఓడ యాజమాన్యాన్ని 64 వాటాలుగా పంచడం పాత పద్ధతి. కట్టినవాడు పెద్ద భాగం ఉంచుకుంటాడు. మిగిలినవి బంధువులు, ఊరి వ్యాపారులు, కలప అమ్మినవాళ్ళు, ఒక్కోసారి ఆ ఓడ కెప్టెన్ తీసుకుంటారు. సరుకు కుదర్చడం, కెప్టెన్‌ను పెట్టడం, లాభాలు పంచడం సూవల్ కార్యాలయం పని. ఓడ మునిగితే ఒక్క ఇల్లు మునిగిపోకుండా నష్టాన్ని పంచుకునే ఏర్పాటు ఇది.

ఆయన ఓడల్లో నావికులను హింసించేవారని విన్నాను. నిజమేనా?

నిజం ఉంది. 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని నావికుల సంఘం తన పత్రికలో అమెరికన్ ఓడల మీద జరిగిన దెబ్బలు, గాయాలు, చావుల చిట్టాను ఓడ పేరుతో, కెప్టెన్ పేరుతో సహా ప్రచురించింది. అందులో సూవల్ సంస్థ ఓడలూ ఉన్నాయి. ఆయన శ్రామికుల ఓట్లు అడిగిన ఎన్నికల్లో ఈ విషయం ఇబ్బంది పెట్టింది. ఆయన స్వయంగా ఎవరినీ కొట్టలేదు, బాత్‌లో బల్ల ముందు కూర్చున్నాడు. అయితే కెప్టెన్లను పెట్టిందీ, ఉంచిందీ ఆయన కార్యాలయమే కదా. ఆ కాలపు చట్టం కూడా యజమాని వైపే ఉండేది. మధ్యలో ఓడ దిగి పారిపోయిన నావికుణ్ణి జైల్లో పెట్టవచ్చు. అమెరికా రేవుల్లో అమెరికన్ నావికులకు ఆ శిక్ష 1898 నాటి చట్టంతో పోయింది.

## బ్యాంకు, రైళ్ళు

ఓడలు కాక ఇంకేం వ్యాపారాలు ఉండేవి?

బాత్‌లోని ఒక జాతీయ బ్యాంకుకు ఏళ్ల తరబడి అధ్యక్షుడు. 1884 నుంచి 1893 వరకు మెయిన్ సెంట్రల్ రైల్‌రోడ్ కంపెనీకి అధ్యక్షుడు. ఓడ, రైలు, బ్యాంకు మూడూ ఒకే చేతిలో ఉన్నాయంటే ఆ రాష్ట్రంలో ఆయన పలుకుబడి ఊహించుకోవచ్చు. 1896లో ఆయనను దెబ్బతీయడానికి ప్రత్యర్థులు వాడుకున్నదీ ఇదే.

## రాజకీయాలు, 1896

1896కు ముందు ఏ పదవులకైనా ఎన్నికయ్యాడా?

బాత్ నగర పాలక మండలిలో సభ్యుడిగా ఉన్నాడు. అంతకు మించి గెలిచిన పదవి లేదు. పార్టీ పనిలో మాత్రం పాతకాపు. 1872 నుంచి డెమోక్రటిక్ జాతీయ మహాసభలకు ప్రతినిధిగా వెళ్ళాడు, 1888 నుంచి 1896 వరకు పార్టీ జాతీయ కమిటీలో ఉన్నాడు. 1893లో సెనేట్‌కు పోటీ చేశాడు. అప్పట్లో సెనేటర్లను ప్రజలు కాక రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. మెయిన్ శాసనసభలో రిపబ్లికన్లదే బలం కాబట్టి యూజీన్ హేల్ గెలిచాడు. ఫలితం ముందే తెలిసిన పోటీ.

వెండి, బంగారం గొడవ ఏమిటి? ఎన్నికల్లో లోహాల గోల ఎందుకు?

అప్పటి డాలరు విలువ బంగారానికి ముడిపడి ఉంది. దేశంలో పంట పెరుగుతోంది, జనం పెరుగుతున్నారు, డబ్బు మాత్రం ఆ మేరకు పెరగడం లేదు. ధరలు పడిపోయాయి. వంద డాలర్లు అప్పు చేసిన రైతు అది తీర్చే నాటికి ఎక్కువ బస్తాల గోధుమలు అమ్మాల్సి వచ్చేది. ఎవరు వెండి తెచ్చినా టంకశాల నాణెం ముద్రించి ఇవ్వాలి, 16 ఔన్సుల వెండి ఒక ఔన్సు బంగారంతో సమానమని లెక్క కట్టాలి అని బ్రయన్ వర్గం కోరింది. బజారులో అప్పటికి ఒక ఔన్సు బంగారానికి దాదాపు 30 ఔన్సుల వెండి వస్తోంది. బ్యాంకర్లు గుండెలు బాదుకున్నది అందుకే.

ఈ కథలో మన రూపాయికీ చోటుంది. 1893 జూన్ 26న బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలోని టంకశాలల్లో, ఎవరి వెండినైనా రూపాయలుగా ముద్రించి ఇచ్చే పద్ధతిని ఆపేసింది. ప్రపంచంలో వెండిని అంతగా మింగే దేశం తలుపు మూసేయడంతో వెండి ధర కూలింది. అమెరికా కాంగ్రెస్ అదే ఏడాది చివర్లో ప్రభుత్వం వెండి కొనే చట్టాన్ని రద్దు చేసింది, డెమోక్రటిక్ పార్టీ రెండుగా చీలింది. కడియాలు, మురుగుల రూపంలో పొదుపు దాచుకున్న మన ఊళ్ళ కుటుంబాలకూ ఆ ఏడాది నుంచే వెండికి పాత విలువ దక్కలేదు.

బ్యాంకు అధ్యక్షుడు వెండి పక్షాన ఎలా నిలబడ్డాడు?

అదే ఆయనకు టికెట్ తెచ్చింది. తూర్పు రాష్ట్రాల డబ్బున్నవాళ్ళంతా బంగారం వైపు ఉంటే, మెయిన్‌లో ఒక బ్యాంకు అధ్యక్షుడు వెండి వైపు మాట్లాడటం వింత. 1896 జూలైలో షికాగోలో మహాసభ జరిగింది. ‘బంగారు శిలువ’ ప్రసంగంతో సభను ఊపేసిన బ్రయన్‌కు, ముప్పై ఆరేళ్లకే, 10వ తేదీన అధ్యక్ష టికెట్ దక్కింది. పశ్చిమాన నెబ్రాస్కా కుర్రవాడికి తోడుగా తూర్పున వయసు మళ్ళిన, డబ్బున్న, వెండిని సమర్థించే మనిషి కావాలి. అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు? అయినా తేలికగా తేలలేదు. మొదటి ఓట్లలో సూవల్ వెనకే ఉన్నాడు. నాలుగో ఓటింగులో ఒహాయో పత్రికాధిపతి జాన్ మక్లీన్ ముందున్నాడు. చివరికి 11వ తేదీన, అయిదో ఓటింగులో సూవల్ గెలిచాడు. ప్రచారానికి డబ్బు పెడతాడన్న ఆశ కూడా ప్రతినిధుల మనసుల్లో ఉంది.

బ్రయన్‌కు ఇద్దరు ఉపాధ్యక్ష అభ్యర్థులు ఉండేవారా? ఇదెలా సాధ్యం?

అవును. రైతుల ఉద్యమంలోంచి పుట్టిన పాపులిస్టు పార్టీ అదే నెలలో సెయింట్ లూయిస్‌లో సమావేశమైంది. బ్రయన్‌ను తామూ బలపరచాలని అనుకున్నారు. సూవల్‌ను మాత్రం గొంతు దిగనివ్వలేదు. రైల్వేలను ప్రభుత్వపరం చేయాలనేది వాళ్ళ కార్యక్రమం, ఆయనేమో రైలు కంపెనీకి అధ్యక్షత వహించినవాడు! అందుకని ఎప్పుడూ లేని విధంగా ముందు ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకుని, జార్జియాకు చెందిన టామ్ వాట్సన్‌ను నిలబెట్టారు. సూవల్ లేకపోతే తనకు మీ టికెట్ వద్దని బ్రయన్ టెలిగ్రాం పంపాడు. సభాధ్యక్షుడు ఆ సంగతి సభకు చెప్పకుండా బ్రయన్ ఎంపికను ముగించేశాడు.

దాంతో ఒకే అధ్యక్ష అభ్యర్థి, ఇద్దరు తోడుపెళ్ళికొడుకులు. సూవల్ తప్పుకోవాలని వాట్సన్ ఎన్నికల దాకా డిమాండ్ చేస్తూనే ఉన్నాడు. ఈయన తప్పుకోలేదు, బ్రయన్ తప్పుకోమనలేదు.

ప్రచారంలో ఏం చేశాడు?

చెప్పుకోదగ్గంతగా ఏమీ చేయలేదు. బ్రయన్ రైళ్ళలో వేల మైళ్ళు తిరుగుతూ రోజుకు అనేక ప్రసంగాలు చేస్తుంటే, సూవల్ వక్త కాడు. ఆగస్టు 12న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇద్దరికీ అభ్యర్థిత్వాన్ని లాంఛనంగా తెలియజేసే సభ జరిగింది. ఉడికించే ఎండల రోజు. బ్రయన్ అలవాటుకు విరుద్ధంగా కాగితం చూసి చాలాసేపు చదివాడు, జనం మధ్యలోనే లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు.

ఫలితం ఏమైంది? సొంత రాష్ట్రంలోనైనా గెలిచాడా?

లేదు. మెయిన్‌లో రిపబ్లికన్ అభ్యర్థి విలియం మెకిన్లీకి 80 వేలకు పైగా ఓట్లు వస్తే, బ్రయన్‌కు 34 వేల పైచిలుకు వచ్చాయి. దేశం మొత్తం మీద ఎలక్టోరల్ ఓట్లు మెకిన్లీకి 271, బ్రయన్‌కు 176. ఉపాధ్యక్ష పదవి లెక్క వేరుగా ఉంటుంది. గారెట్ హోబార్ట్‌కు 271, సూవల్‌కు 149, వాట్సన్‌కు 27. బ్రయన్‌కు పడిన 176 ఓట్లు ఇద్దరి మధ్య చీలాయన్నమాట. కొన్ని రాష్ట్రాల్లో డెమోక్రాట్లు, పాపులిస్టులు ఎలక్టర్లను పంచుకోవడం వల్ల ఇలా జరిగింది.

బ్రయన్ గెలిచి ఉంటే సూవల్ ఉపాధ్యక్షుడు అయ్యేవాడేనా?

ఖాయంగా చెప్పలేం. అమెరికా రాజ్యాంగం ప్రకారం ఎలక్టర్లు అధ్యక్షుడికీ ఉపాధ్యక్షుడికీ విడివిడిగా ఓటు వేస్తారు. అప్పుడు మొత్తం 447 ఓట్లు, గెలవడానికి 224 కావాలి. బ్రయన్ స్వల్ప తేడాతో గెలిచి, ఇరవై ముప్పై ఓట్లు వాట్సన్‌కు పోయి ఉంటే సూవల్‌కు 224 వచ్చేవి కావు. అప్పుడు మొదటి ఇద్దరిలో ఒకరిని సెనేట్ ఎన్నుకోవాలి. అంటే బ్రయన్ పక్కన రిపబ్లికన్ హోబార్ట్ కూర్చునే అవకాశం కూడా ఉండేది. ఇంకో సంగతి. ఆ పదవీకాలం 1901 మార్చిలో ముగుస్తుంది. హోబార్ట్ 1899 నవంబరులో, సూవల్ 1900 సెప్టెంబరులో చనిపోయారు. ఎవరు గెలిచినా ఆ కుర్చీ చివర్లో ఖాళీగానే ఉండేది.

## తరువాత

కొడుకు తండ్రికి వ్యతిరేకంగా ప్రచారం చేశాడంటారు, నిజమా?

నిజం. పెద్ద కొడుకు హెరాల్డ్ మార్ష్ సూవల్ డెమోక్రాట్ల ప్రభుత్వంలో సమోవా దీవుల్లో కాన్సల్ జనరల్‌గా పనిచేశాడు. ఆ తరువాత పార్టీ మారి రిపబ్లికన్ అయ్యాడు. తండ్రి పేరు టికెట్ మీద ఉన్న ఏడాదే అవతలి అభ్యర్థి మెకిన్లీని బలపరిచాడు. మెకిన్లీ గెలిచి, 1897లో ఆయనను హవాయికి రాయబారిగా పంపాడు. 1898 ఆగస్టు 12న హొనొలులులో ఇయొలాని రాజభవనం ముందు హవాయి సార్వభౌమాధికారాన్ని అమెరికా తరఫున అందుకున్నది హెరాల్డే. తండ్రి న్యూయార్క్‌లో టికెట్ అందుకున్న నాటికి సరిగ్గా రెండేళ్లు.

కథ అక్కడ ఆగలేదు. 1900లో వచ్చిన చట్టంతో హవాయి నుంచి ప్రధాన భూభాగానికి సరుకు మోయడం దేశీయ తీర రవాణా అయింది. ఆ పంచదారను ఇక అమెరికన్ ఓడలే మోయాలి. సూవల్ సంస్థ ఉక్కు ఓడలకు కేప్ హార్న్ చుట్టూ ఆ సరుకు ఏళ్ల తరబడి దొరికింది. కొడుకు రాజకీయం తండ్రికి నచ్చిందో లేదో కానీ, ఓడల ఖాతాకు మాత్రం కలిసొచ్చింది.

ఎలా చనిపోయాడు?

1900 సెప్టెంబరులో స్మాల్ పాయింట్‌లోని వేసవి ఇంట్లో పక్షవాతం లాంటి మెదడు పోటుతో చనిపోయాడు. వయసు అరవై నాలుగు.

ఆయన పోయాక సంస్థ ఏమైంది?

కొడుకు విలియం, అన్న కొడుకు శామ్యూల్ మరికొన్ని ఉక్కు ఓడలు కట్టారు. 1903లో ‘కినియో’ అనే అయిదు తెరచాప స్తంభాల ఓడతో నిర్మాణం ముగిసింది. ఆర్థర్ తండ్రి కాలం నుంచి లెక్కేస్తే ఎనభై ఏళ్లలో వందకు పైగా ఓడలు. విలియం కొడుకు సమ్నర్ మొదటి ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాలు నడిపి, 1941లో మెయిన్ గవర్నరు అయ్యాడు. తాతకు దక్కని గెలుపు మనవడికి దక్కింది, అదీ రిపబ్లికన్‌గా!

మొదటి ప్రపంచ యుద్ధంలో మునిగిన మొదటి అమెరికన్ ఓడ సూవల్‌దేనా?

అవును, ఆయన సంస్థ 1901లో కట్టిన ‘విలియం పి. ఫ్రై’. అప్పటికి ఆర్థర్ సూవల్ లేడు. ఆ ఓడ సియాటిల్‌లో గోధుమలు నింపుకుని ఐర్లాండ్ వైపు వెళుతుండగా, 1915 జనవరిలో దక్షిణ అట్లాంటిక్‌లో జర్మన్ నౌక ‘ప్రింజ్ ఐటెల్ ఫ్రీడ్రిచ్’ అడ్డగించింది. అమెరికా అప్పటికి తటస్థ దేశం. ఈ గోధుమలు శత్రువుకు వెళుతున్నాయన్న నెపంతో జర్మన్లు వాటిని సముద్రంలో పారబోయించడం మొదలుపెట్టారు. వేల టన్నుల గింజలు చేతులతో తోడితే ఎప్పటికి అవుతుంది? మర్నాడు, 28వ తేదీన, విసుగెత్తి ఓడనే ముంచేశారు. నావికులను మాత్రం తమ నౌకలోకి ఎక్కించుకున్నారు.

ఆయన పేరు పెట్టిన ఓడ ఒకటి ఉండేదట, అది ఏమైంది?

‘ఆర్థర్ సూవల్’ అనే ఉక్కు ఓడ 1899లో, ఆయన బతికి ఉండగానే నీటిలోకి దిగింది. 1907 వసంతంలో ఫిలడెల్ఫియాలో బొగ్గు నింపుకుని సియాటిల్‌కు బయలుదేరింది. చేరలేదు. మనుషులు గానీ చెక్క ముక్క గానీ దొరకలేదు.

ఇప్పుడు బాత్‌కు వెళితే చూడటానికి ఏమైనా ఉందా?

ఉంది. కెన్నెబెక్ ఒడ్డున ఉన్న మెయిన్ మారిటైమ్ మ్యూజియంలో సూవల్ కుటుంబపు కాగితాలు భద్రపరిచారు. కార్యాలయపు ఖాతాలు, దూరపు రేవుల నుంచి కెప్టెన్లు రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. ఆ మ్యూజియం ఉన్నది కూడా ఒకప్పటి చెక్క ఓడల నిర్మాణశాల ఆవరణలోనే. ఒక్క పూటే ఉంటే ప్రదర్శనతో సరిపెట్టుకోండి. కాగితాలు చూడాలనుకుంటే ముందుగా రాసి అనుమతి తీసుకుని వెళ్ళడం మంచిది.